మల్లి వాళ్ళమ్మ

పెదనాన్న మ్యూజియంలో రాళ్ళను లారీకెక్కిస్తున్నారని కబురొస్తే పోయిన నెలలో వెళ్ళి వచ్చాను. సత్తెనపల్లి దాటి ఆటోలో అరగంట వెళితే వచ్చే చిన్న ఊరు అది. పెదనాన్న పోయి చాలా కాలమైంది. తాళం పడ్డ రెండు గదుల్లో ఆ రాళ్ళు ఇన్నేళ్ళూ ఎవరికీ పట్టకుండా పడి ఉన్నాయి. ఇప్పుడు వాటిని ఎక్కడో పెద్ద మ్యూజియానికి తీసుకెళ్తారట, చల్లటి గదుల్లో దీపాలు పెట్టి చూపిస్తారట. జాబితా సరిచూసి సంతకం పెట్టడానికి ఇంటి మనిషంటూ ఒకరు కావాలన్నారు. నేను వెళ్ళేసరికి గదులు సగం ఖాళీ అయ్యాయి. గోడలకు రాళ్ళు ఆనించిన చోటల్లా ఆ రాయి ఆకారంలోనే తెల్లటి మచ్చలు మిగిలాయి. తలలేని స్త్రీ బొమ్మ ఉండే మూల చూస్తే ఇంకా ఎవరో నిలబడి ఉన్నట్టే అనిపించింది. గబగబా సంతకం పెట్టి బయటికి వచ్చేశాను. నిజానికి రాళ్ళ కోసం నేను ఆ ఊరు వెళ్ళలేదు. ఆ సంగతి నాలో నేను ఒప్పుకోవడానికి లారీ మలుపు తిరిగిందాకా పట్టింది.

పెదనాన్న డ్రాయింగు మాస్టారు. రిటైరయ్యాక, మూతపడ్డ పత్తి మిల్లు ఆఫీసు గదులు రెండు బతిమాలి తీసుకుని, చుట్టుపక్కల పొలాల్లో నాగళ్ళకు తగిలిన చెక్కడపు రాళ్ళన్నీ అందులో చేర్చారు. పద్మం చెక్కిన పలక ఒకటి ఎవరి దొడ్లోనో బట్టలుతికే బండగా ఉండేది. ఎద్దు బొమ్మ ఉన్నది గొడ్లపాకకు గుమ్మంగా ఉండేది. వాటికి బదులు కొత్త నాపరాళ్ళు వేయించి ఇచ్చి, ఒక్కొక్కటే ఎడ్లబండి మీద తెచ్చుకున్నారు. పని లేని మాస్టారు రాళ్ళు మోసుకుంటున్నాడని ఊళ్ళో వాళ్ళు నవ్వేవాళ్ళు. ఆయనకు అది పట్టేది కాదు గాని, చూడడానికి ఎవరూ రావడం లేదన్న బాధ మాత్రం ఉండేది. రోజూ పొద్దున్నే తాళం తీసి, దుమ్ము దులిపి, రాని జనం కోసం పదకొండింటి దాకా కూర్చుని ఇంటికి వచ్చేవారు. వేసవిలో పిల్లలకు ఏదన్నా నేర్పిస్తే, పిల్లల వెంట పెద్దవాళ్ళు వస్తారని ఆయనకు తోచింది.

బీఎడ్ చేసి డీఎస్సీ ఫలితాల కోసం కూర్చున్నదాన్ని నేను. ఇంట్లో ఉంటే పెళ్ళిమాటలు ఎత్తుతారన్న భయంతో, వేసవి బడి నడపడానికి పెదనాన్నకు మనిషి కావాలన్న వంక దొరకగానే పెట్టె సర్దుకుని వచ్చేశాను. మే నెలలో ఆ ఇంటి వాసన ఇప్పటికీ నా ముక్కుకు తగులుతుంది. రోట్లో దంచిన ఆవకాయ కారం, గానుగ నుంచి తెచ్చిన నువ్వులనూనె, కిటికీకి కట్టిన తడి వట్టివేళ్ళ తడిక, వీటన్నిటి మీదా కల్లాల్లోంచి గాలి మోసుకొచ్చే మిరపకాయ ఘాటు. కొత్తగా దిగిన చుట్టాన్ని ఆ ఊళ్ళో తుమ్ముల్ని బట్టి పట్టేసేవాళ్ళు. పెద్దమ్మ తెల్లారుతూనే పత్తికట్టెతో పొయ్యి రాజేసేది. ఆవకాయ పెట్టే రోజుల్లో జాడీల గదిలోకి మమ్మల్ని ఎవర్నీ రానిచ్చేది కాదు. తను మాత్రం మ్యూజియంలో ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు. పెదనాన్న అక్కడి నుంచి రాగానే పెరట్లో పంపు దగ్గర కాళ్ళు కడుక్కుంటే గాని వసారా ఎక్కనిచ్చేది కాదు. నాకూ అదే శిక్ష.

"ఏం పెద్దమ్మా, అదేమన్నా శ్మశానమా?" అన్నానొకసారి.

"అక్కడున్న వాటిల్లో ఒక్కటన్నా బతికున్నవాళ్ళది ఉందేమో చూసి చెప్పవే. అప్పుడు కడుక్కోకుండా వద్దువుగాని" అంది, చేతిలోని గరిటె ఆపకుండా.

నేను నవ్వాను. చదువుకున్నదాన్ని కదా.

వేసవి బడి పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా. ముప్ఫై మంది దాకా పిల్లలు వచ్చేవాళ్ళు. చెక్కిన రాయి మీద పల్చటి కాగితం పరిచి పెన్సిలుతో రుద్దితే పద్మం రేకులన్నీ కాగితం మీదకు లేచి వచ్చేవి. ఆ ఆట అంటే వాళ్ళకు ప్రాణం. బ్రాహ్మీ అక్షరాల్లో తమ పేర్లు రాసుకునేవాళ్ళు. వంశవృక్షాలు గీయించేదాన్ని. తల్లి చెల్లెలు పిన్ని, తండ్రి చెల్లెలు మేనత్త అని బోర్డు మీద రాసి గీతలు కలిపించేదాన్ని, పేర్లు ఇంటి దగ్గర నింపుకోమనేదాన్ని. ఆదివారాలు పెదనాన్నా నేనూ రెండు చిన్న రాళ్ళూ కొన్ని ఫొటోలూ ట్రంకుపెట్టెలో పెట్టుకుని బస్సులో పక్క ఊళ్ళకు వెళ్ళేవాళ్ళం. మ్యూజియానికి జనం రాకపోతే జనం దగ్గరికే మ్యూజియం వెళ్ళాలని ఆయన పట్టుదల. ఒక ఊళ్ళో మేము మంచినీళ్ళు తాగి వచ్చేలోపల ఆడవాళ్ళు రాళ్ళకు పసుపు రాసి కుంకం పెట్టేశారు. పెదనాన్న లబలబలాడి, "అమ్మా, అది దేవుడు కాదు, చరిత్ర" అన్నారు. ఒక ముసలావిడ చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ, "చరిత్రయితే మటుకు దణ్ణం పెడితే ఏం పోయింది నాయనా?" అంది. బస్సులో వచ్చేటప్పుడు దారి పొడుగునా ఆయన ఆ మాట తలుచుకుని నవ్వుతూనే ఉన్నారు.

ఆఖరి వారంలో పిల్లల చేత ప్రదర్శన పెట్టించాలనుకున్నాం. ఇంట్లో పాత వస్తువులు తెమ్మంటే ముప్ఫై ఇత్తడి చెంబులు వస్తాయని నాకు తెలుసు. అందుకని నేనొక తెలివి ఉపయోగించాను. "మీ ఇంట్లో మిమ్మల్ని ముట్టుకోనివ్వని వస్తువు ఏదో కనుక్కోండి. ఎవరిదో అడగండి. వాళ్ళు ఒప్పుకుంటే తీసుకురండి" అన్నాను. ఆ ఆలోచనకు పెదనాన్న నా వీపు తట్టారు. ఎన్ని రోజులు గర్వపడ్డానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది. తాతల మంగలికత్తులు వచ్చాయి, ముక్కుపొడుం డబ్బాలు వచ్చాయి, తాళం ఎక్కడుందో తెలియని తాళంచెవి ఒకటి వచ్చింది. మల్లి మాత్రం పసుపు రాసి, ఎర్రదారంతో కట్టిన చిన్న పేము పెట్టెను రెండు చేతులా గుండెకు ఆనించుకుని తెచ్చింది.

మల్లికి అప్పుడు తొమ్మిదేళ్ళు. నా అచ్చుతప్పులు పట్టే పిల్ల. "టీచర్, అక్కడ ళ రావాలి, ల రాశారు" అని నిలబడేది, దిద్దిందాకా కూర్చునేది కాదు. రోజూ వాళ్ళమ్మ తీసుకొచ్చి, గుమ్మం దగ్గర వంగి మరోసారి రిబ్బన్లు సరిచేసి, మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళేది. పదకొండింటికి మజ్జిగ సీసాతో మళ్ళీ హాజరు. అంత ఎండలో ఎందుకండీ, దగ్గరేగా, తనే వస్తుంది అంటే, "దీన్ని చూసుకోవడం కన్నా నాకేం పనుందండీ" అని నవ్వేది. మొదటి రోజు నాతో అన్న మాట, "నేను మల్లి వాళ్ళమ్మనండీ" అని. పెదనాన్న ఆమెను మల్లి వాళ్ళమ్మా అని పిలిచేవారు. కొట్టు వాడూ అంతే. నా రిజిస్టరులో తండ్రి పేరుకే గడి ఉంది. ఆ నెల రోజులూ ఆమెకు మరో పేరు ఉంటుందన్న ఊహే నాకు రాలేదు. మా వైపు పిల్ల పుట్టాక ఆడదాని పేరు పెళ్ళికార్డు మీద మిగిలిపోతుంది. అందులో వింతేమీ అనిపించదు కూడా.

పెట్టె సంగతి రాసుకోవడానికి వాళ్ళింటికి వెళ్ళాను. మల్లి నాయనమ్మ అంకమ్మ ఒక్కతే ఉంది. వాకిట్లో నీడన కూర్చుని ఇంటి కారానికి కాయలు ఏరుతోంది. చెవుడు. ప్రతి మాటా అరిచి చెప్పాలి.

"మామ్మగారూ, మల్లి తెచ్చిన పెట్టె ఎవరిదండీ?"

"అమ్మది."

"ఏ అమ్మదండీ?"

ఆవిడ తల ఎత్తి నన్ను కాసేపు చూసింది. "మల్లి వాళ్ళమ్మది. రాజ్యానిది. అందులో చీరుంది, గాజులున్నాయి. తెరవబాకండి. అక్కడ మీ రాళ్ళకి అందరూ దణ్ణం పెడతారంటగా. నాలుగు రోజులు నలుగురి మధ్య ఉంటది, ఉండనీయ్."

నేను పుస్తకంలో రాసుకున్నాను. ఇంటికొచ్చి అట్టముక్క మీద నా గుండ్రటి అక్షరాలతో, "మల్లి వాళ్ళమ్మ రాజ్యం గారి పెళ్ళినాటి చీర పెట్టె" అని దిద్దాను. పెళ్ళినాటి అన్నది నా సొంత కల్పన. చదవడానికి బాగుంటుందని.

ప్రదర్శన రోజు సాయంత్రం మిల్లు ఆవరణ నిండిపోయింది. అద్దెకు తెచ్చిన కుర్చీలు చాలక జనం గోడల మీద కూర్చున్నారు. పెదనాన్న ముఖంలో అంత వెలుగు నేను అంతకు ముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. మైకు నా చేతిలో ఉంది. పిల్లలు ఒక్కొక్కరే వస్తువు ఎత్తి చూపిస్తుంటే నేను అట్ట మీద రాసింది చదువుతున్నాను. మంగలికత్తికి నవ్వారు, తాళంచెవికి ఈలలు వేశారు. మల్లి పెట్టె ఎత్తింది. నేను చదివాను. జనం ఒక్కసారిగా మాట్లాడడం మానేశారు. వెనక ఆడవాళ్ళ మధ్య నిలబడి ఉన్న మల్లి వాళ్ళమ్మ నా వైపు చూస్తూ వద్దు వద్దన్నట్టు తల ఊపుతోంది. పేరు మైకులో చదివినందుకు సిగ్గుపడుతోందనుకుని నేను నవ్వాను కూడా.

"టీచర్, తప్పు రాశారు" అంది మల్లి. "మా అమ్మ పేరు కోటేశ్వరి."

అక్కడ ఆగిపోయి ఉంటే సరిపోయేది. పిల్ల తెలివికి మెచ్చుకుని, దిద్దుకుందాంలే అని ఇంకో వస్తువు అందుకుని ఉంటే, ఈ కథ లేదు. కాని అంతమంది ముందు నా తప్పు పట్టడం నాకు నచ్చలేదు. ఇంటికి వెళ్ళి, అడిగి, రాసుకొచ్చినదాన్ని. పెదనాన్న నేర్పిన పద్ధతి ప్రకారం చేసినదాన్ని. మైకు దించకుండానే అన్నాను: "తప్పు కాదు మల్లీ. మీ నాయనమ్మే చెప్పింది, రాజ్యమని. అవునా కాదా మామ్మగారూ?"

అంకమ్మ ముందు వరసలో కూర్చుని ఉంది. నేను మైకులో అడిగాను కాబట్టి చక్కగా వినిపించింది. చెవిటివాళ్ళు మాట్లాడేట్టే గట్టిగా, ఆవరణ అంతా వినపడేట్టు జవాబిచ్చింది.

"అవును. రాజ్యమే. దాన్ని కన్నతల్లి."

మల్లి పెట్టె కింద పడెయ్యలేదు. జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, ముందు పెట్టెను చూసింది, తర్వాత వెనక్కి తిరిగి కోటేశ్వరిని చూసింది. ఏడవలేదు. లెక్క సరిచూసుకునేటప్పుడు పెట్టే ముఖం పెట్టింది. కోటేశ్వరి జనాన్ని తోసుకుంటూ వచ్చి, పిల్ల రెక్క పట్టుకుని, ఎవరి వంకా చూడకుండా తీసుకెళ్ళిపోయింది. ఎవరో కుర్రాళ్ళు మైకు కట్టేశారు. జనం మెల్లగా లేచి వెళ్ళిపోయారు.

మిగతాది పెద్దమ్మ చెప్పింది, వసారా మెట్ల మీద, నా కాళ్ళ మీద తనే నీళ్ళు పోస్తూ. మల్లి పుట్టిన పదకొండో రోజున రాజ్యం జ్వరంతో పోయింది. కోటేశ్వరి ఆమె చెల్లెలు. పసిగుడ్డును చూసుకోవడానికి వచ్చింది, ఏడాది తిరక్కుండానే బావకే ఇచ్చి చేశారు. తర్వాత ఆమెకు పిల్లలు పుట్టలేదు. ముత్తైదువగా పోయింది కాబట్టి రాజ్యం ఆ ఇంటికి పేరంటాలు అయింది. ఆమె పేరున పెట్టెలో చీర పెట్టి దణ్ణం పెట్టుకుంటారు, అమ్మ అనే అంటారు; మల్లికి అది అమ్మవారి పెట్టె అనే తెలుసు. అసలు సంగతి మల్లికి తెలియనివ్వొద్దని కోటేశ్వరి ఇల్లిల్లూ తిరిగి అడిగింది. తొమ్మిదేళ్ళు ఊరు ఊరంతా ఆ పిల్ల ముందు నోరు కట్టుకుంది.

"దాని మెడలో తాళి పక్కన ఇంకో చిన్న బిళ్ళ చూళ్ళేదూ, ఆడబొమ్మ అచ్చు ఉన్నది? ముందు భార్య పేరున వేసుకునేది. కొత్త చీర కట్టినా పువ్వు పెట్టుకున్నా ముందు దానికి చూపించాలి. ఇంత చిన్న రాతి గీత చూసి ఏ కాలందో చెప్తారే మీరు. మెడలో బిళ్ళ కనపళ్ళేదా?"

కనపడింది. బాగుందే, ఎక్కడ చేయించారండీ అని కూడా ఆమెను అడిగాను. అక్కదండీ అని చెప్పింది. అక్క ఇచ్చిందనుకున్నాను.

మర్నాడు పొద్దున కోటేశ్వరి పెట్టె కోసం వచ్చింది. తిడుతుందని సిద్ధపడి కూర్చున్నాను. తిట్టినా బాగుండేది. పెట్టె మీద కొంగు కప్పి చంకన పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"నిన్న అన్నం పెడితే, చాలు పిన్నీ అందండీ" అంది. "ఎవరూ చెప్పలేదు. మీ బళ్ళో గీసిన కాయితం తీసి, నా పేరు రబ్బరుతో తుడిచి, పక్కన రాసుకుంది. అమ్మ చెల్లెలు పిన్నే కదా అంది. కోపంగా కాదండీ. మామూలుగానే అంది."

"చిన్నపిల్ల, రెండు రోజుల్లో మర్చిపోతుందండీ" అన్నాను. అంతకన్నా పనికిమాలిన మాట నా జన్మలో అనలేదు.

"అది తప్పు రాయదండీ, మీకు తెలుసుగా" అని వెళ్ళిపోయింది.

అంకమ్మ కావాలనే నా చేత చెప్పించిందా అని చాలా ఏళ్ళు ఆలోచించాను. కోడలి పేరు తొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లో పైకి వినపడలేదు. ఆ ముసలిదానికి అది ఎంత కడుపుమంటో ఎవరికి తెలుసు. ఒక్కసారి, నలుగురిలో, మైకు ముందు ఆ పేరు పలికించుకుంది. ఆవిడను తప్పు పట్టబోతే చనిపోయినావిడ నాకు అడ్డం వస్తుంది. పదకొండు రోజుల పిల్లను వదిలి వెళ్ళిన మనిషికి తన పేరు తన పిల్లకు తెలియాలని ఉండదా? ఆ మాట నిజమే అనిపిస్తుంది. వెంటనే గుమ్మంలో వంగి రిబ్బను సరిచేస్తున్న కోటేశ్వరి గుర్తొస్తుంది. ఈ ఇద్దరి మధ్యా నేను ఇన్నేళ్ళుగా నిలబడే ఉన్నాను. మరుసటి వేసవికి పెదనాన్న మళ్ళీ బడి పెట్టారు, నలుగురు పిల్లలు వచ్చారట. నేను వెళ్ళలేదు. ఉద్యోగం వచ్చిందని ఉత్తరం రాశాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. తర్వాత్తర్వాత తాళం తీయడమే మానేశారని పెద్దమ్మ చెప్పింది. టీచరుగా ఇరవై ఏళ్ళకు పైగా పని చేశాను. బడిలో చేరడానికి వచ్చిన ఏ తల్లినీ, ముందు మీ పేరేంటమ్మా అని అడగకుండా రిజిస్టరు తెరవలేదు. ఇప్పటి ఫారాల్లో తల్లి పేరుకు గడి ఉంది. అది చూసినప్పుడల్లా నేను రాసిన అట్టముక్క కళ్ళ ముందుకొస్తుంది.

లారీ వెళ్ళిపోయాక వాళ్ళింటికి నడిచాను. అంకమ్మ ఎప్పుడో పోయింది, మల్లి వాళ్ళ నాన్న పొలం వెళ్ళాడు. కోటేశ్వరి జుట్టు నెరిసి, మోకాళ్ళు పట్టుకుని లేచింది. నన్ను గుర్తుపట్టడానికి రెండు నిమిషాలు పట్టింది. గుర్తుపట్టాక కుర్చీ తుడిచి వేసింది. మల్లి చీరాలలో నర్సుగా చేస్తోందట, ఇద్దరు పిల్లలట. మంచినీళ్ళు తాగుతుండగానే ఫోను మోగింది. ఆమెకు కూడా చెవి మందగించింది కాబోలు, స్పీకరు పెట్టుకుంది.

"పిన్నీ, తిన్నావా? మోకాళ్ళ మాత్ర వేసుకున్నావా? వేసుకున్నానని అబద్ధాలు చెప్పబాక, మాత్రల షీటు తీసి ఎన్నున్నాయో లెక్కపెట్టి చెప్పు."

ఆమె నవ్వుతూ లోపలికి వెళ్ళి లెక్కపెట్టి చెప్పింది. పెట్టేశాక, "రోజుకి మూడుసార్లు చేస్తుందండీ. నెలకోసారి వచ్చి చూసి పోతుంది. కన్నబిడ్డలు కూడా అట్లా చెయ్యరు" అంది.

నేను వచ్చింది ఒక్క ప్రశ్న అడగడానికి. "మళ్ళీ ఎప్పుడన్నా అమ్మా అని..." అని ఆగిపోయాను. ఆమెకు అర్థమైంది. గ్లాసు నా చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టింది.

"ఒక్కసారండీ. నర్సు ట్రైనింగులో ఉండగా టైఫాయిడ్ వచ్చింది. ఇంటికి తెచ్చుకున్నాం. ఒళ్ళు తెలీని జ్వరంలో అమ్మా అని పిలిచింది. నన్నో, అక్కనో నాకు తెలీదు. నేనే పలికాను."